నెపం గుడాకు మీదికి నెట్టకండి

మా వీధిలో ఆయన్ని ఎవరూ పిలవరు, భుజం తడతారు. సూరత్ మరమగ్గాల దగ్గర 25 ఏళ్లు నిలబడి బరంపురం తిరిగొచ్చిన మనిషి. వయసు 49. మనవరాలు "తాతా, తాతా" అని పిలుస్తూనే ఉంటుంది, ఆయన గోడకేసి చూస్తూ టీ తాగుతుంటాడు. పిల్ల మోకాలు పట్టుకుని కుదిపితేగానీ ఇటు తిరగడు.

మొన్న చెవులు చూపించడానికి ఆసుపత్రికి తోడెళ్లాను. డాక్టరుగారు నోరు తెరిపించి, పళ్లమీద గుడాకు (పళ్లకి రుద్దే పొగాకు ముద్ద) మరక చూసి, "ఈ అలవాట్లుంటే ఒళ్లెలా బాగుంటుందయ్యా?" అని కసిరి పంపేశారు. ఏం పని చేశావని ఒక్క ముక్క అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పొగాకు నోటి క్యాన్సర్ తెస్తుంది, మానాల్సిందే. కానీ అది ఆ నోట్లోకెలా చేరింది? పొద్దున్న ఏడింటికి మగ్గం దగ్గర నిలబడితే రాత్రి ఏడింటికే విడుదల, తర్వాత ఇంకొకడి రాత్రి పాళీ. కూలి మీటరు లెక్కన. కునుకు పడితే పోగు తెగినా కనపడదు, మగ్గం ఆగితే డబ్బు పోతుంది. నిద్రాపుకోవడానికి ఆ మనిషికి ఇంకేం దొరికింది? మెస్ గదిలో ఒకడు లేచిన చాపమీదే ఇంకొకడు నడుం వాల్చాలి. దీన్ని జీవనశైలి అనడానికి నోరెలా వస్తుంది?

మా జిల్లాలో అస్కా, పొలసరా, కవిసూర్యనగర్ వైపు పల్లెపల్లెకీ సూరత్ మగ్గాలతో లంకె ఉంది. ఆ షెడ్లలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటిపోతుంది. మన నిబంధనల్లో 90 అన్నది 8 గంటల పనికి హద్దు, వీళ్లు నిలబడేది 12 గంటలు. రోజుకి 9 గంటలు మించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చప్పుడువల్ల వచ్చే చెవుడును వృత్తి వ్యాధుల జాబితాలోనూ చేర్చింది. అయినా ఆయనకి దక్కింది తిట్లే.

2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చాయి. నలభై దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. అదే చేత్తో, కరెంటుతో నడిచే చోటిని ఫ్యాక్టరీగా లెక్కించడానికి ఉండాల్సిన కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచారు! చిన్న షెడ్లన్నీ చట్టం వేళ్లసందున జారిపోవా? అయినా నలభై దాటాక చూసి ఏం లాభం? చప్పుడుకి చచ్చిన లోచెవి కణాలు మళ్లీ మొలవవు. కుర్రాడు మగ్గం దగ్గర నిలబడ్డ మొదటి రోజే చెవులు పరీక్షించండి. ఎనిమిది గంటల పని కాగానే ఇంటికి పంపండి. పోయిన చెవులకి పరిహారం యజమాని దగ్గర కక్కించండి.

సోమవారం ఆయన్ని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. చీటీలో మరమగ్గం పని, 25 ఏళ్లు అని రాసేదాకా ఆ గదిలోంచి కదలను.