కారు ముక్కు పగిలితే: మార్చాలా, అతకాలా?

ఇనుప రేకుతో చేసిన కారు దేనినైనా గుద్దుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. సొట్ట పడుతుంది. టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోతే మేస్త్రీ లోపలివైపు నుండి సుత్తితో కొట్టి సొట్ట తీస్తాడు. పైన లప్పం పూసి, నునుపు చేసి, రంగు వేస్తాడు. కాని సొట్ట పడని కార్లు కూడా ఉన్నాయి. అవి గట్టి దెబ్బ తగిలితే పగులుతాయి.

అటువంటి కారు ముందుభాగం పగిలినప్పుడు, దాన్ని మొత్తం కోసి పారేసి కొత్తది పెట్టాలా, లేక పగిలిన మేరకే బాగుచేయాలా? అమెరికాలో పాత స్పోర్ట్స్ కార్లను ప్రాణంగా చూసుకునేవారి మధ్య ఈ వాదన ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. పైకి ఇది డబ్బున్నవారి ముచ్చటలా కనబడుతుంది. లోపలికి వెళ్ళి చూస్తే మీ భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఇందులో ఉన్నాయి. నా పక్షం ఏదో ముందే చెబుతాను: వీలైనంతవరకు అతకాలి. ఎందుకో చూద్దాం.

గాజుతో కారా?

1953 జనవరిలో న్యూయార్క్ నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో జనరల్ మోటార్స్ సంస్థ షెవ్రొలే కార్వెట్ అనే స్పోర్ట్స్ కారును చూపించింది. అదే సంవత్సరం జూన్ 30న మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో దాని తయారీ మొదలయింది. ఆ ఏడాది తయారైనవి 300 కార్లు మాత్రమే. అన్నీ తెల్లరంగువే. వాటి పైదేహమంతా ఫైబర్‌గ్లాస్.

ఉక్కు రేకును వదిలి గాజు వైపు ఎందుకు వెళ్ళారు? రేకును వంపులుగా నొక్కాలంటే బ్రహ్మాండమైన ఉక్కు అచ్చులు కావాలి. వాటిని చేయడానికి చాలా డబ్బు, చాలా కాలం పడతాయి. లక్షల కార్లు చేసేటప్పుడు ఆ ఖర్చు గిట్టుతుంది. కొద్ది కార్ల కోసం గిట్టదు. ఫైబర్‌గ్లాస్‌కు అచ్చులు చవకగా, త్వరగా తయారవుతాయి.

గాజు అంటే చేయి జారితే పగిలేది కదా, దానితో కారు ఏమిటి అంటారా? ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. గాజు బలహీనతకు కారణం గాజు కాదు, దాని ఉపరితలంపై ఉండే కంటికి కనబడని బీటలు. లాగినప్పుడు బలమంతా ఆ బీట కొన దగ్గర పోగుపడి దాన్ని పెంచుతుంది. గాజును కరిగించి సన్నని పోగుగా తీస్తే పెద్ద బీటలకు చోటే ఉండదు. అందుకే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్ననైన గాజుపోగు, దాని మందంతో పోల్చి చూస్తే, కిటికీ అద్దం కంటే అనేక రెట్లు ఎక్కువ లాగుడును తట్టుకుంటుంది.

అయితే పోగులు ఒంటరిగా నిలబడలేవు. వాటిని చాపలా పరిచి, రెసిన్ అనే చిక్కటి ద్రవంతో తడిపి గట్టిపరుస్తారు. పోగులు బలాన్నిస్తాయి, రెసిన్ వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. మన పల్లెల్లో గోడకు మట్టి తొక్కేటప్పుడు అందులో గడ్డి కలపడం చూశారా? సూత్రం అదే. ఇటువంటివాటిని సంయుక్త పదార్థాలు అంటారు.

ఒక్క ముక్క కాదు

ఇక మన వాదనకు వద్దాం. ఎక్కువగా గొడవ వచ్చేది 1968 నుండి 1972 వరకు మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో తయారైన కార్వెట్ల విషయంలో. వీటి ముందుభాగం పొడుగ్గా, నేలకు దగ్గరగా, పక్షి ముక్కులా చొచ్చుకుని ఉంటుంది. దాని ముందు సన్నని క్రోమియం పూత బంపరు తప్ప వేరే రక్షణ లేదు. చిన్న గుద్దుకే ముక్కు పగులుతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో గుద్దినా తట్టుకోవాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టడంతో 1973 కారుకు ముందువైపు రబ్బరులా వంగే తొడుగు వచ్చింది.

గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ ముక్కు కర్మాగారంలో ఒకే ముక్కగా పుట్టలేదు. పైపలక, రెండు పక్కల మడ్‌గార్డులు, కింది పలక విడివిడిగా అచ్చుల మధ్య నొక్కి చేసినవి. వాటి అంచులను పక్కపక్కన చేర్చి, వెనుకవైపు ఒక ఫైబర్‌గ్లాస్ పట్టీ పెట్టి, జిగురుతో అతికారు. అంటే ఆ కారు పుట్టుకతోనే అతుకుల కారు!

ఈ రోజుల్లో కొన్ని సంస్థలు ఈ ముక్కునంతా ఒకే ముక్కగా చేసి అమ్ముతున్నాయి. పాత ముక్కును కోసేసి దీన్ని పెట్టేవారి వాదన తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. అతుకు లేదు కనుక రంగుకింద అతుకు గీత తేలే భయం లేదు. అంతకుముందు ఎవరో చేసిన అరకొర మరమ్మతులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. పనివాడి గంటలు కూడా తగ్గుతాయి అంటారు.

చివరి మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. ఆనాడు ఒక్కొక్క కారు పలకలను మనుషులు చేతితో సర్దుతూ బిగించారు. అందువల్ల ఏ రెండు కార్లూ అచ్చంగా ఒక్కటి కావు. కొత్త ముక్కు అచ్చు మరో కారు నుండి తీసినది. దాన్ని మీ కారుకు పెడితే బానెట్ పక్కన సందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావచ్చు. అందుకే అనుభవమున్న పనివారు పాతది కోయకముందే కొలతలన్నీ రాసుకుంటారు. బానెట్, తలుపులు వాటి స్థానంలో ఉంచి, కొత్తదాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టి చూసి, సరిపోయాకే జిగురు కలుపుతారు. పనంతా ఆ సర్దుబాటులోనే ఉంది.

అతుకు లెక్క

"అతికినది ఎప్పటికైనా అతుకే, బలం ఉండదు" అని చాలామంది అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

పలక మందం 3 మిల్లీమీటర్లు, పగులు పొడవు 100 మిల్లీమీటర్లు అనుకోండి. పగిలిన అంచులను ఊరికే ఎదురెదురుగా చేర్చి అతికితే, జిగురు పట్టే వైశాల్యం 3 × 100 = 300 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు అంచును వాలుగా అరగదీద్దాం. వాలు పొడవు మందానికి 12 రెట్లు, అంటే 36 మిల్లీమీటర్లు. ఆ వాలుపై కొత్త గాజునార చాపను పొర మీద పొరగా వేసి రెసిన్‌తో తడిపితే, పట్టు దొరికే వైశాల్యం సుమారు 3,600 చదరపు మిల్లీమీటర్లు! పన్నెండు రెట్లు పెరిగింది. బలం ఒకచోట పోగుపడకుండా వాలంతా పరుచుకుంటుంది. కర్మాగారంవారు అతుకు వెనుక పట్టీ వేసినదీ ఇందుకే, పట్టు వైశాల్యం పెంచడానికే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గట్టిపడిపోయిన పాత రెసిన్‌లో కొత్తదానితో రసాయన బంధం ఏర్పరచుకునే అణువులు ఎక్కువగా మిగిలి ఉండవు. కొత్త రెసిన్ పాతదాన్ని ప్రధానంగా జిగురులాగే పట్టుకోవాలి. కనుక రంగు, మైనం, జిడ్డు పూర్తిగా పోవాలి, ఉపరితలం గరుకుగా ఉండాలి. అరకొర మరమ్మతులు ఊడిపోయేది ఈ పని సరిగా చేయనందువల్లే. దోషం అతుకుది కాదు, తొందరది.

కరగని చెత్త

రెండో కారణం ఇంకా పెద్దది. ఉక్కు రేకును పాత ఇనుము కొట్టువాడు కొంటాడు. కొలిమిలో కరిగిస్తే మళ్ళీ ఉక్కే. ఫైబర్‌గ్లాస్‌లోని రెసిన్ థర్మోసెట్టింగ్ ప్లాస్టిక్. గట్టిపడేటప్పుడు దాని అణువుల గొలుసుల మధ్య అడ్డబంధాలు ఏర్పడి అంతా ఒకే వలగా మారిపోతుంది. మైనంలా దాన్ని మళ్ళీ కరిగించలేం. ఉడికిన గుడ్డును తిరిగి పచ్చిగుడ్డు చేయలేం కదా, అలాగే. వేడి పెంచితే మాడుతుంది. కోసి పారేసిన ముక్కు చాలావరకు చెత్తగుట్టకే చేరుతుంది. తుప్పు పట్టకపోవడమే దాని గొప్ప గుణం. చెత్తలో అదే గుణం దోషమవుతుంది.

ఇది ఒక్క కారు సంగతి కాదు. అనంతపురం జిల్లా కొండలపై తిరిగే గాలిమరల రెక్కలు కూడా గాజునార జాతివే. వాటి కాలం తీరాక ఏం చేయాలన్నది ప్రపంచమంతటా ఇంజనీర్లను వేధిస్తున్న సమస్య.

అయితే ఎప్పుడూ మార్చకూడదా?

అలా అనడం మొండితనం అవుతుంది. ముక్కు ముక్కలైపోయి, ఆకారం తెలియని స్థితి వస్తే మార్చక తప్పదు. అప్పుడు కూడా మధ్యేమార్గం ఉంది. పగిలింది కుడి మూల అయితే, కర్మాగారం వేసిన అతుకు వరకు విప్పి ఆ ఒక్క పలకనే మార్చవచ్చు. మిగిలినది అలాగే ఉంటుంది. అతుకు ఉండటం వల్లనే ఇది వీలయింది. ఒకే ముక్కగా చేసినదానిలో ఈ సౌకర్యం లేదు.

మరొక మాట. కార్వెట్ బరువును మోసేది కింద ఉన్న ఉక్కు చట్రం. పైదేహం దాని మీద కూర్చున్నది. కనుక ముక్కు అతుకు కాస్త లోపమైనా చక్రాలు ఊడవు. కాని 1957లో ఇంగ్లండులో వచ్చిన లోటస్ ఎలీట్ కారులో వేరే చట్రం లేదు. ఫైబర్‌గ్లాస్ దేహమే బరువు మోస్తుంది. అక్కడ మార్చడమైనా, అతకడమైనా ఆరితేరినవారు చేయవలసిన పని. కార్వెట్‌లోనూ ముక్కు ముట్టుకునే ముందు లోపలి ఉక్కును పరీక్షించాలి. పైన తుప్పు పట్టని తొడుగు ఉంది కదా అని లోపల తుప్పు ఆగదు. మెరిసే కొత్త ముక్కు కుళ్ళిన చట్రాన్ని దాచిపెట్టగలదు.

ఈ వాదనలో ఎవరూ తలచుకోని మనిషి పనివాడు. గాజునారను అరగదీస్తే లేచే దుమ్ము చర్మానికి దురద, ఊపిరితిత్తులకు చెరుపు. రెసిన్ నుండి వచ్చే స్టైరీన్ ఆవిరి తల తిప్పుతుంది. గట్టిపరచడానికి కలిపే పెరాక్సైడ్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. అతకడానికైనా, మార్చడానికైనా మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. వాటిని ఇవ్వకుండా చవకగా చేయించుకున్న కారు ఎంత మెరిసినా నాకు అందంగా కనబడదు. మీరు ఈ రసాయనాలతో ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

విశాఖ, కాకినాడ తీరాలకు వెళ్ళినప్పుడు మన మత్స్యకారుల ఫైబర్ పడవలను చూడండి. అవీ ఈ గాజునార, రెసిన్‌లతో చేసినవే. పడవ అడుగు చిట్లితే పడవనే పారేయరు. చిట్లిన చోట గీకి, చాప వేసి, రెసిన్ పూసి, ఆరాక మళ్ళీ సముద్రంలోకి తోస్తారు. అందుకే అతుకును చిన్నచూపు చూడవద్దంటాను. వస్తువు ఎలా తయారైందో తెలిసినవాడే దాన్ని అతకగలడు. తెలియనివాడికి మిగిలేది కొత్తది కొనడమే. ఈసారి మీ ఇంట్లో ఏదైనా పగిలినప్పుడు, పారేసే ముందు ఒక్కసారి తిప్పి చూడండి. దాన్ని చేసినవాడు అతుకు ఎక్కడ వేశాడో వెతకండి. బాగుచేయడం అక్కడి నుండే మొదలవుతుంది.