ఆగడంలో ఔచిత్యం



ముప్పయ్యేళ్లకు పైగా జిల్లా పరిషత్తు పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పినవాడు బ్రేకు ప్యాడ్ల మీద టపా రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. గణం తప్పితే పద్యం చెడుతుంది, అంతే. ఇక్కడ తప్పితే మనిషి పోతాడు. కనుక ఇవాళ కొంచెం కఠినంగానే మాట్లాడతాను.

మొన్న ఆదివారం నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదు నుండి నల్లగొండలోని మా ఇంటికి వచ్చాడు. రెండే సీట్ల పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు తెచ్చాడు. అరవైల నాటి బండి. నాలుగేళ్లు శ్రమించి బాగు చేయించుకున్నాడు. మద్రాసు శివార్లలో ఇరుంగాట్టుకోట్టై దగ్గరున్న రేసు ట్రాకు మీద దాన్ని పరుగెత్తించాలని వాడి ముచ్చట. ముచ్చటలో దోషం లేదు. అయితే అందుకోసం తెప్పించిన రేసు ప్యాడ్లను ఇప్పుడే బిగించి వాటితోనే రోడ్డెక్కాడు. నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి నల్లగొండ వైపు తిరగబోతూ, చాలాసేపు ముట్టని బ్రేకును తొక్కితే బండి ఆగనన్నదట. గడ్డి ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగిందట.

"మొదటి రెండు మూడు సార్లే అట్లా ఉంటది సార్, వేడెక్కితే ఇక తిరుగు లేదు" అని నవ్వాడు.

ఆ మొదటిసారికే కదా నాయనా ప్రాణం పోయేది!

కావ్యానికి ప్రాణం ఔచిత్యమని పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు సిద్ధాంతం చేశాడు. ఎంత గొప్ప అలంకారమైనా తనది కాని చోట దోషమే అవుతుంది. ప్యాడ్ల సంగతీ అంతే. 'ఖరీదైనది, రేసుల్లో వాడేది, కనుక అన్నింటికంటె మంచిది' అనే వాదం నేటి యువకుల్లో ప్రబలింది. ఇది శుద్ధ తప్పు.

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. మనిషితో కలిపి 800 కిలోల బరువున్న కారును 120 కిలోమీటర్ల వేగం నుండి పూర్తిగా ఆపితే పుట్టే వేడి, సుమారు 1.4 లీటర్ల చల్లని నీటిని మరిగే దాకా తేగలదు. వేగం సగమైతే వేడి నాలుగో వంతే. ఇరుంగాట్టుకోట్టై ట్రాకు చుట్టు 3.7 కిలోమీటర్లు. అక్కడ ప్రతి చుట్టులోనూ పలుమార్లు గట్టిగా బ్రేకు పట్టాలి. చల్లారే వ్యవధి ఉండదు. ఆ మంటను తట్టుకోవడానికే రేసు ప్యాడ్లను తయారుచేస్తారు. వాటిలో చాలా రకాలు రెండు మూడు వందల డిగ్రీలు దాటితే గాని సరిగా పట్టవు. రోడ్డు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడే పడతాయి గాని, ట్రాకు మీద నాలుగు చుట్లు తిరిగేసరికి కాలి వాసన వేసి, పట్టు విడుస్తాయి. రెండింటిలో ఏదీ చెడ్డది కాదు. దేని స్థానం దానిది.

"మన పాలమూరు, నల్లగొండల్లో ఎండలే 44 డిగ్రీలు కదా సార్, ప్యాడ్లు ఎప్పుడూ వేడిగానే ఉంటయి" అని వాడు మరో తర్కం లేవదీశాడు. మన ఎండ మనకు గొప్ప. మూడు వందల డిగ్రీలు కోరే ప్యాడుకు అది మాఘమాసపు చలి.

వేడి ఎక్కువైతే ఏమవుతుందో నేనూ ఎరుగుదును. 1994లో పాత కారులో సకుటుంబంగా శ్రీశైలం బయలుదేరాను. మన్ననూరు దాటి నల్లమల అడవంతా హాయిగా గడిచింది. దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే మలుపుల్లో, గేరు తగ్గించాలన్న ఇంగితం లేక, కాలు బ్రేకు మీదే ఉంచాను. సగం దిగేసరికి పెడల్ మెత్తబడి నేలకంటింది. రెండో గేరులో వేసి, కొండవైపు అంచుకు రాసుకుంటూ ఆపాను. దోషం నాది. పైగా బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చిన కొద్దీ ఆ హద్దు 140 దాకా దిగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి. ఆవిరిని తొక్కితే బండి ఆగదు. ఎంత గొప్ప ప్యాడు వేసినా అప్పుడు నిష్ప్రయోజనం.

ఇక రెండో పక్షం వారున్నారు, సనాతనులు. పాత బండికి ఆనాడు కంపెనీ వేసినదే వేయాలంటారు. ఆనాటి ప్యాడ్లలో, లైనర్లలో ఉన్నది ఆస్బెస్టాస్. మనుషుల్లో క్యాన్సరు కలిగించే వాటి మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా సంస్థ దాన్ని చేర్చింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డ్రమ్ము విప్పి ఆ ధూళిని నోటితో ఊదేది యజమాని కాదు, షెడ్డులో పనిచేసే పద్నాలుగేళ్ల పిల్లవాడు. వాడు ఉండవలసింది మా బడిలో. మీ ప్రాచీన వైభవానికి వాడి ఊపిరితిత్తులు మూల్యమా? ఈ పక్షంతో నాకు సంధి లేదు.

సరే, ఏం చేయాలి? రోడ్డు మీద నడిచినన్నాళ్లూ చల్లగా ఉన్నప్పుడే పట్టే, ఆస్బెస్టాస్ లేని మంచి రోడ్డు ప్యాడ్లే ఉండాలి. రేసు ప్యాడ్లను డిక్కీలో పెట్టుకుని వెళ్లి, ట్రాకు దగ్గర మార్చుకోవాలి. కొత్తవాటిని మొదట మెల్లగా, తరవాత గట్టిగా పట్టి చూసి, చల్లారనిచ్చి, డిస్కుకు అలవాటు చేయాలి. స్పిట్‌ఫైర్‌కు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. ముందు పట్టు ఒక్కటే పెంచితే ముందు చక్రాలు బిగిసి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. వెనుక లైనర్ల సంగతీ కలిపి చూడాలి. కొత్త ఆయిల్ పోసి గాలి తీయించాలి. ఇన్ని చేసినా రోడ్డుకు, ట్రాకుకు సమానంగా సరిపోయే ప్యాడు కావాలనడం అత్యాశ.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఆ కార్లలో మామూలు పరుగులో వెనుక చక్రాల వేగాన్ని తగ్గించేది ప్యాడ్లు కావు, మోటారే. వేగాన్ని తిరిగి కరెంటుగా మార్చుకుంటుంది. ఆ పరుగుకు తగిన బ్రేకు అది. వాళ్లు ఔచిత్యం పాటించారు. మనవాళ్లు చూసి నేర్చినది మాత్రం వేగం ఒక్కటే.

మావాడికి ఇదంతా చెప్పాను. తల ఊపాడు గాని ప్యాడ్లు మార్చలేదు. మళ్లీ అవే ప్యాడ్లతో నార్కట్‌పల్లి మీదుగా తిరిగి వెళ్లాడు. ఇల్లు చేరానని ఫోను వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అందుకే ఈ టపా. వాడు నా రాతలు చదువుతాడు. మీలో బళ్ల సంగతి నాకంటె బాగా తెలిసినవారుంటే నా తప్పులు దిద్దండి. ఒప్పయితే వాడికి వినబడేలా గట్టిగా చెప్పండి.

స్వస్తి.