యంత్రంతోపాటు ఏమి సంతకం చేస్తున్నాం?

విమానం రెక్క అంటే అల్యూమినియం రేకులు, రివెట్లు అనే మనం అనుకుంటాం. ఇప్పుడు పెద్ద విమానాల రెక్కలు కార్బన్ పోగుతో తయారవుతున్నాయి. బోయింగ్ 787 బరువులో సగం ఈ రకం సరుకే. అక్రిలిక్ పోగును అధిక వేడిలో కాల్చి కార్బన్ పోగు తీస్తారు. దానికి రెసిన్ పట్టించి, పొరమీద పొర పరచి, ఆటోక్లేవ్ అనే పెద్ద పీడన కొలిమిలో గట్టిపరుస్తారు.

ఒకప్పుడు ఆ పొరలను కార్మికులు చేతులతో పరిచేవారు. ఇప్పుడు యంత్రమే బాబిన్ల నుండి అనేక పట్టీలను ఒకేసారి లాగి, వేడిచేసి, అచ్చుమీద రోలరుతో అదిమి, కత్తిరిస్తున్నది. మన వార్పింగ్ ఖాతాలో పనిచేసినవారికి ఇది కొత్త దృశ్యం కాదు.

అమెరికాలోని ఎవరెట్ కార్మికుల అనుభవం మనం తెలుసుకోదగినది. 777ఎక్స్ విమానం రెక్కల ఫ్యాక్టరీ అక్కడే కావాలంటే పెన్షన్ వదులుకోవాలని, లేకుంటే పని వేరే రాష్ట్రానికి పోతుందని 2013లో బోయింగ్ యాజమాన్యం షరతు పెట్టింది. నవంబరులో కార్మికులు తిరస్కరించారు. 2014 జనవరి 3న మళ్ళీ ఓటింగు జరిగి, 51 శాతంతో ఒప్పందం నెగ్గింది. 2016లో ఫ్యాక్టరీ తెరిచారు. పాత పెన్షన్ అదే ఏడాది స్తంభించింది.

2024 సెప్టెంబరు 13న సుమారు 33,000 మంది సమ్మెకు దిగారు. 53 రోజులు నిలబడి, నాలుగేళ్ళలో 38 శాతం జీతం పెంపు సాధించారు. పెన్షన్ మాత్రం తిరిగి రాలేదు.

మేము యంత్రానికి వ్యతిరేకులం కాము. వంగి పొరలు పరిచే చాకిరీ తగ్గితే మంచిదే. యంత్రానికీ మనిషి కావాలి. పట్టీ మెలిపడ్డా, పొరల మధ్య సందు మిగిలినా పట్టుకొని సరిచేసేది అతడే. అయితే ఆ పని ఎవరికి నేర్పుతారు? ఏ జీతానికి? ఒక్కొక్కరికి ఎన్ని యంత్రాలు అప్పగిస్తారు? మిగిలిన చేతులకు ఏ పని ఇస్తారు? ఇవన్నీ యంత్రం బిగించకముందే కాగితం మీదికి రావాలి. బిగించాక అడిగితే మన చేతిలో బలం సగమే మిగులుతుంది.

షటిల్ లేని సాంచాలు వచ్చినప్పుడు మన మిల్లుల్లో జరిగిందీ ఇదే. కనుక మీ ఖాతాలో కొత్త యంత్రం మాట వినబడిన రోజే సంఘం ఆఫీసుకు కబురు చేయండి. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. యంత్రం పదేళ్ళలో పాతబడి పోతుంది. దానితో వదులుకున్న హక్కు మాత్రం 53 రోజుల సమ్మెకైనా తిరిగి రాకపోవచ్చు.