కోడీ, కుంపటీ

తన కోడి కూయనిదే, తన కుంపటి రాజనిదే ఊరిలో తెల్లవారదని నమ్మిన ముసలమ్మ కథను తెలుగువారిలో విననివారుండరు. ఆమె ఊరిపై అలిగి, కోడిని చంకబెట్టుకొని, కుంపటిని చేతబట్టుకొని వెడలిపోయినదట. మరునాడును ఊరిలో యథాప్రకారము తెల్లవారినదట. అహంకారమును పరిహసించుటకు పెద్దలు చెప్పిన సామెత యిది. ఉపాధ్యాయులు దీనినే బోధింతురు. విద్యార్థులు పరీక్షలో దీనినే వ్రాయుదురు. కాని సామెత ఒక ప్రశ్నను విడిచిపెట్టినది. ఊరికి తెల్లవారినది, సరే. ఆ కోడియే లేకుండిన ముసలమ్మ యింటికి తెల్లవారియుండెడిదా?

ఇది వేడుకకు వేసిన ప్రశ్న కాదు. 2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. పాఠశాలలు మూతపడినవి. రెండు తెలుగు రాష్ట్రములలోను ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులకు జీతము సగమైనది, లేక పూర్తిగా ఆగిపోయినది. నిన్నటివరకు సుద్దముక్క పట్టిన చేతులు కూరగాయల తట్టను పట్టినవి. ఉపాధి హామీ పనిలో పారను పట్టినవి. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును, సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటింపవలసి వచ్చినదనిన, ఆ కష్టమెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అద్దె కట్టలేక పట్టణమును విడిచి సొంత ఊరు చేరిన కుటుంబములును కలవు. అట్టి యిండ్లలో కొన్నిటి పెరటిలో నాలుగైదు కోళ్ళు తిరుగుచుండెను. అవి అంతకుముందును ఉన్నవే. చదువుకొన్నవారెవ్వరును వాటిని లెక్కలో వేసికొనలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదనునట్లు, పెరటి కోడి సంపాదనకు పనికిరాదనియే వారి అభిప్రాయము.

దేశము లెక్క మాత్రము వేరుగా నున్నది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారము దేశములో కోళ్ళు మొదలగు పెంపుడు పక్షులు 85 కోట్ల 18 లక్షలు. వాటిలో 31 కోట్ల 70 లక్షలు పెరటి పక్షులే. 2012 నాటి గణనతో పోల్చినచో పెద్ద ఫారములలోని పక్షులు 4.5 శాతము పెరుగగా, పెరటి పక్షులు సుమారు 46 శాతము పెరిగినవి. ఫారములు ఎంతగా విస్తరించినను పెరడు కోడిని విడువలేదు. కోడి పెరటిని విడువలేదు.

ఐనను అతిశయోక్తి పనికిరాదు. ఉద్యోగము పోయినవానితో, "పెరటిలో నాలుగు కోళ్ళను పెంచుకొమ్ము, అంతయు చక్కబడును" అని చెప్పుట సులభము. అది నిజము కాదు. నాటు పెట్ట సాలుకు 60, 70 గుడ్లకు మించి పెట్టుట అరుదు. కొన్నాళ్ళు గుడ్లు పెట్టును, 21 దినములు పొదుగును, పిల్లలను వెంట త్రిప్పుకొనుచు రెండు మూడు నెలలు గడుపును, ఆ పిదపగాని మరల గూటిలో కూర్చుండదు. ఐదు పెట్టలున్న యింటికి సాలుకు 300 నుండి 350 గుడ్లు. అనగా నలుగురున్న కుటుంబమునకు దినమున కొక గుడ్డు కూడ నిండుగా రాదు. వాటిలో కొన్నిటిని పొదిగించిన, పుట్టిన పిల్లలలో గద్దకు కొన్ని, ముంగిసకు కొన్ని, తెగులునకు కొన్ని పోవును. మిగిలిన పుంజులను అమ్మగా వచ్చిన సొమ్ము పండుగనాటి బట్టలకో, పిల్లవాని పరీక్ష ఫీజుకో, ముసలివారి మందులకో సరిపోవును. ఇంటి అద్దెకు చాలదు. అప్పు వాయిదాకు అసలే చాలదు.

మరి కోడి ఇచ్చునదేమి? జీతము పోయినప్పుడు సొమ్ముతోపాటు మరియొకటి కూడ పోవును: దినమునకున్న క్రమము. ఉపాధ్యాయుని దినమును బడిగంట నడుపును. ఏ వేళకు లేవవలెనో, ఏ వేళకు భుజింపవలెనో, ఏ వేళకు ఎవరు తన కొరకు ఎదురుచూచుచుందురో ఆ గంటయే చెప్పును. గంట ఆగిన నాడు ఉదయమునకు అర్థము పోవును. ఎనిమిది గంటలకు లేచినను అడుగువారుండరు; లేవకున్నను అడుగువారుండరు. నిరుద్యోగమునందలి చేదు సగము ఆకలిలో నున్న, సగము ఇందులో నున్నది.

కోడికి ఈ సంగతి తెలియదు. యజమానికి ఉద్యోగమున్నదా, ఊడినదా అను విచారము దానికి లేదు. తెల్లవారుజామున అది కూయును. గూటి తలుపు తీయవలెను. గుప్పెడు నూకలు చల్లవలెను, మట్టి మూకుడులో మంచినీరు మార్చవలెను, తవుడు తడిపి పెట్టవలెను. పిల్లలున్నచో చెదలు పట్టవలెను. పాతకుండలో పేడయు చొప్పయు నింపి సాయంకాలము పుట్టచెంత బోర్లించిన, తెల్లవారునప్పటికి చిన్నపిల్లల మేత సిద్ధమగును. ప్రొద్దు గ్రుంకునప్పుడు అన్నియు చేరినవో లేదో లెక్కించి తలుపు మూయవలెను. ఒక్క రాత్రి మరచిన, పిల్లియో ముంగిసయో ఆ మరపునకు వెల కట్టును. ఈ పనులలో గొప్పతనమేదియు లేదు. కాని మానుటకు వీలులేని పని యొకటి యింటనున్న మనిషి మంచమునకు అంటుకొనిపోడు. ముసలమ్మ కోడి ఊరికి తెల్లవార్చలేదు. ఆమె యింటికి మాత్రము తెల్లవార్చినది.

ఇచ్చట మరియొక సంగతి చెప్పక తప్పదు. తెలుగు పల్లెలలో కోళ్ళు సాధారణముగా స్త్రీల సొత్తు. పొలము, పశువులు పురుషుని పేరనున్నను, గుడ్లమ్మిన పైకము ఇల్లాలి చేతిసొమ్ము. పలకకును, పుస్తకమునకును, పుట్టింటినుండి వచ్చిన చెల్లెలికి పెట్టు రవికగుడ్డకును ఆ సొమ్మే ఆధారము. భర్త జీతము వచ్చినన్నాళ్ళు ఈ లెక్క అతనికి కనబడలేదు. జీతము ఆగిన పిదప కనబడినది. అప్పుడు అతడు చేయుపనిని బట్టి ఆ యింటి మర్యాద తేలును. అన్నిటిని ఒక్క సంతలో అమ్మివేసి బాకీ తీర్చుకొనునా? లేక, "ఇన్నేండ్లు దీనిని నీవెట్లు నడిపితివి?" అని అడిగి, ఆమె దగ్గర పని నేర్చుకొనునా? ఉపాధ్యాయుడు విద్యార్థి కావలసిన ఘట్టమది. అందులో చిన్నతనము లేదు.

కష్టకాలమున జరుగు పొరపాట్లు ముఖ్యముగా రెండు. మొదటిది, మూలమును అమ్ముకొనుట. మేత తగ్గినప్పుడు మంద తగ్గవలసినదే. కాని దేనిని తగ్గింపవలెనో తెలియవలెను. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. అదనపు పుంజులు తినునేగాని గుడ్లు పెట్టవు. అవి ముందుగా పోవలెను. ఆ పిదప గుడ్లుడిగిన ముసలి పెట్టలు. బాగుగా పొదిగి, పిల్లలను గద్దనుండి కాపాడుకొనగల తల్లి పెట్టను మాత్రము కడపటివరకు నిలుపుకొనవలెను. విత్తనపు గింజను వండుకొనిన రైతునకు వర్షము వచ్చినను ప్రయోజనము లేదు.

రెండవ పొరపాటు దీనికి ఎదురుగా నుండును. నాలుగు కోళ్ళు అన్నము పెట్టినచో నాలుగువందలు మేడ కట్టించునను భ్రమతో అప్పు చేసి షెడ్డు వేయుట. 2020 తొలినాళ్ళలో కోడిమాంసమువలన కరోనా వచ్చునను వదంతి పుట్టగా ఫారము కోడి ధర కూలిపోయినది. ఆరు వారములకు అమ్మవలసిన పక్షి అమ్ముడుపోక నిలిచిన, దినదినమును దాణా ఖర్చు పెరుగునేగాని తరుగదు. రాలిన గింజలు, పురుగులు ఏరుకొని తిను పెరటి కోడికి ఆ భయము లేదు. అప్పు లేకుండుటయే దాని బలము. ఆ బలమును పోగొట్టుకొని పెంచిన మంద పెరటి మంద కాదు. సంక్రాంతి బరిలో పుంజును దింపి ఒక్కనాటిలో గట్టెక్కవలెననుకొనువారి మాట చెప్పనేల? 1960 నాటి జంతుహింస నివారణ చట్టము పందెములను నిషేధించినది. పల్నాటి సీమను రణరంగమునకు ఈడ్చిన కలహములలో కోడిపందెమొకటియని కథ చదివిన జాతికి చట్టము కూడ అక్కరలేదు.

ఇక తెగులు మాట. కొక్కెర తెగులు, అనగా రాణిఖేత్ వ్యాధి, ఒక యింట ప్రవేశించిన వారము తిరుగకుండ గూడు ఖాళీయగును. పచ్చని విరేచనములు, మెడ మెలితిరుగుట దాని గుర్తులు. వచ్చిన పిదప మందు లేదు. రాకముందు టీకా కలదు. పిల్ల పుట్టిన వారమునకు లసోటా చుక్క, ఎనిమిదవ వారమున ఆర్‌టూబీ సూది. ఈ రెండింటి వెల స్వల్పము. ఇరుగుపొరుగులు కలిసి ఒక సీసా తెప్పించుకొనిన మరింత స్వల్పము. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణయైనది. ఒక పెరటిలో కోడి చచ్చిన అది ఆ యింటి సంగతి మాత్రమే కాదని నాడు అందరికి తెలిసివచ్చినది. చచ్చిన కోడిని దాచుట, అమ్ముట, కాలువలో పారవేయుట ఊరికి ద్రోహము. పశువైద్యశాలకు తెలుపుట ధర్మము.

జాతుల విషయమునను తొందర కూడదు. హైదరాబాదులోని రాజేంద్రనగరున నున్న కోళ్ళ పరిశోధన డైరెక్టరేటు వనరాజా, గ్రామప్రియ అను జాతులను పెరటి పెంపకమునకై రూపొందించినది. గ్రామప్రియ నాటు పెట్టకు రెట్టింపునకు పైగా గుడ్లు పెట్టును. గుడ్డు కావలసిన యింటికి అది మేలే. కాని ఇట్టి జాతులు సాధారణముగా పొదుగవు; ప్రతి తరమునకు పిల్లలను కొని తేవలెను. రొక్కమున్నప్పుడు అది చిన్న సంగతి. రొక్కము లేనప్పుడు అదియే పెద్ద సంగతి. రెండు మూడు నాటు పెట్టలను కూడ ఉంచుకొనుట వివేకము. తక్కువ గుడ్లు పెట్టినను తనంతట తాను తిరిగి మొలకెత్తగల మంద అది.

ఉద్యోగము పోవుట ఒక్కటే జీవితమున వచ్చు మార్పు కాదు. కూతురు అత్తవారింటికి పోవును, తల్లి మంచము పట్టును, బదిలీ వచ్చును, క్రొత్త ఉద్యోగము పెరడులేని అద్దె యింటికి తీసికొనిపోవును. ఉన్న కోళ్ళనన్నిటిని వెంట తీసికొనిపోవుటయే పెంపకము కాదు. పోదగినచో రాత్రివేళ గంపలో తరలించి, క్రొత్త గూటిలో మూడు నాలుగు దినములు మూసియుంచిన, అవి ఆ చోటునకు అలవాటు పడును. పోదగనిచో పొరుగువారికి పాలుకిచ్చుట పల్లెలలో నున్న మంచి ఆచారము: పెట్ట ఒకరిది, పోషణ మరియొకరిది, పిల్లలు చెరిసగము. తిరిగి వచ్చిననాడు మొదలుపెట్టుటకు విత్తనముండును. రాకున్నను ఆ పెట్ట మరియొక యింట తెల్లవార్చుచుండును. చేయలేని పనిని చేతులు మారునట్లు చూచి విడుచుట కూడ కాపాడుటయే.

పిల్లలకు ఇందులో పాఠములు కలవు. పొదుగునకు పెట్టిన ఏడవనాటి రాత్రి గుడ్డును దీపమునకు అడ్డుగా పట్టిన, లోపల ఎఱ్ఱని నరములు సాలెగూటివలె కనబడును. కనబడనిచో ఆ గుడ్డులో ప్రాణము లేదు. ఇరువదియొక్క దినములు లెక్కబెట్టుచు ఎదురుచూచిన బాలునకు ఓర్పు అను మాటకు నిఘంటువుతో పనిలేదు. తండ్రికి జీతము లేని దినములలో తాను కూడ ఒక పనికి వచ్చితినను తృప్తి వానికి మిగులును. ఆ తృప్తిని ఏ పాఠశాలయు ఇయ్యజాలదు.

అయితే పెరటి కోడిని చూపి తప్పించుకొనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. చదువు చెప్పినవానికి జీతము ఇయ్యవలసినది యాజమాన్యము. ఇయ్యనప్పుడు అడుగవలసినది ప్రభుత్వము. "కోళ్ళు పెంచుకొని బ్రతుకుచున్నాడు గదా" యను మాట మెప్పుగా వినబడును. అది మెప్పు కాదు, బాకీ ఎగవేత. కోడి ఒక యింటిని నిలువబెట్టగలదు. ఒక వ్యవస్థ చేసిన అన్యాయమును మోయజాలదు.

పాఠశాలలు తెరచిరి. గంట మరల మ్రోగినది. తిరిగి కొలువులో చేరినవారికి ఉదయపు తొందర మరల వచ్చినది. గూటి తలుపు తీయుటకు తీరికయున్నదా లేదా అనునదే ఇప్పటి పరీక్ష. కష్టములో తోడున్నదానిని సుఖములో మరచుట మనుష్య స్వభావమే కావచ్చును. కాని మరవనివారి యిండ్లలో ఇప్పటికిని రెండు గంటలు మ్రోగుచున్నవి. ఒకటి బడిలో, ఒకటి పెరటిలో. మొదటిది ఎన్నడైన ఆగవచ్చును. రెండవదాని కొరకు ప్రతి రాత్రి తలుపు మూసి, ప్రతి ఉదయము తలుపు తీయుచున్న యింటికి, ఆ ముసలమ్మ యింటివలెనే, తెల్లవారక మానదు.