చుట్టడం కూడా చదువే



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే కవిత రాద్దామనుకున్నాను. నాకు కవిత్వం రాదు. తెలిసిన విషయం గురించే రాస్తున్నాను. మీ సెల్‌ఫోన్ ఛార్జరులో అగ్గిపెట్టె కంటే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. దాన్ని లెక్క కట్టడం, చేత్తో చుట్టడం రెండూ కాలేజీల్లో కలిపి నేర్పాలన్నది నా అభిప్రాయం.

మా నాన్న మోటారు వైండింగ్ షాపులో పనిచేస్తాడు. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెడతాడు, గేజి చూస్తాడు, మళ్ళీ అన్నే చుట్లు వేస్తాడు. "అన్నే ఎందుకు నాన్నా?" అని చిన్నప్పుడు అడిగితే, "కంపెనీ వాడు అన్నే వేశాడు గనక" అనేవాడు. ఆ ఎందుకుకి జవాబు నాకు బి.టెక్.లో దొరికింది.

1 చదరపు సెంటీమీటరు అడ్డుకోత ఉన్న ఇనుప కోరుకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే, 1.2 టెస్లా దగ్గర ప్రైమరీకి 8,600 పైగా చుట్లు కావాలి. ఇప్పుడు అంతే అడ్డుకోత ఉన్న ఫెర్రైట్ కోరు తీసుకోండి. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే సుమారు 325 వోల్టులు వస్తుంది. దాన్ని సెకనుకు లక్ష సార్లు ఆన్, ఆఫ్ చేస్తే ఒక్కోసారి ఆన్‌లో ఉండేది 5 మైక్రోసెకన్లే. ఫ్లక్సు సాంద్రత మార్పు 0.2 టెస్లా దాటకూడదనుకుంటే 82 చుట్లు చాలు. ఛార్జరు జేబులో పట్టడానికి కారణం ఇదే.

లెక్క వచ్చింది కదా అని ఎం.టెక్.లో ఫ్లైబ్యాక్ సప్లై ప్రాజెక్టు తీసుకున్నాను. సిమ్యులేషన్‌లో చక్కగా పనిచేసింది. బోర్డు మీద మాత్రం నాలుగు మాస్‌ఫెట్‌లు వరుసగా పేలిపోయాయి. షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడని తిట్టుకున్నాను. తప్పు నాదే. ప్రైమరీని ఒక పక్క, సెకండరీని ఇంకో పక్క చుట్టాను. ప్రైమరీ ఫ్లక్సులో కొంత సెకండరీకి అందలేదు. దాన్నే లీకేజీ ఇండక్టెన్స్ అంటారు. అందులో మిగిలిన శక్తి స్విచ్ ఆఫ్ అయినప్పుడల్లా పెద్ద వోల్టేజీగా ఎగిసి మాస్‌ఫెట్ మీద పడింది. సిమ్యులేషన్‌లో నేను లీకేజీ సున్నా పెట్టాను, అది సున్నాగానే నమ్మింది. మా ల్యాబులో బాబిన్ లేదు, తీగ లేదు, చుట్టి చూపించేవారు లేరు.

బాబిన్ పట్టుకుని ఇంటికెళ్ళాను. ప్రైమరీ సగం, దాని మీద సెకండరీ, ఆపైన మిగిలిన ప్రైమరీ వేద్దామన్నాను. నాన్న చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా పేర్చాడు. ల్యాబులో కొలిస్తే లీకేజీ మూడో వంతుకు తగ్గింది. అయిదో మాస్‌ఫెట్ ఇప్పటికీ బతికే ఉంది.

చుట్టేటప్పుడు నాన్న అడిగాడు: "టేపు మూడు పొరలెందుకు? ఒకటి చాలదా?" ఈసారి జవాబు నా దగ్గర ఉంది. టేపుకి అవతల 325 వోల్టులు, ఇవతల ఫోను పట్టుకున్న మనిషి చెయ్యి. ఒక పొరకు చిల్లు పడినా మిగిలిన రెండూ ఆపాలి. పేరూ ఊరూ లేని చవక ఛార్జర్లలో మిగుల్చుకునేది ఇక్కడే. పొర తగ్గించినా ఫోను మామూలుగానే ఛార్జవుతుంది, బయటికి కనిపించదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పది ఛార్జర్లు పెట్టే హాస్టల్ గదిలో ఇది చిన్న సంగతి కాదు. బి.ఐ.ఎస్. గుర్తు చూసి కొనండి, తడి చేత్తో ముట్టుకోకండి.

"రెడీమేడ్ దొరుకుతుంటే చుట్టడమెందుకు? ఇంత చదివి వైండింగ్ పనా?" అని స్నేహితులు నవ్వారు. రెడీమేడ్‌గా దొరికేది వేరేవాళ్ళ సర్క్యూటుకు సరిపోయేది. మన సర్క్యూటుకు కావాల్సింది మనమే చేసుకోవాలి. ఇక నామోషీ అంటారా, 1831లో ఇనుప రింగుకు తీగ చుట్టి, పొరల మధ్య గుడ్డ వేసి, ట్రాన్స్‌ఫార్మర్‌కు పునాది వేసిన ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండు చేసే షాపులో పని నేర్చుకున్నాడు, కాలేజీ చదువు లేదు. ఆయన చేతికి లేని నామోషీ మన చేతికెందుకు?

ప్రతి విద్యార్థికీ ఒక బాబిన్, రెండు ఫెర్రైట్ ముక్కలు, కొంచెం తీగ, టేపు ఇస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు. నాన్నకు ఎందుకో చెప్పేవాళ్ళు దొరకలేదు. నాకు ఎలాగో చూపించేవాడు అదృష్టం కొద్దీ ఇంట్లోనే ఉన్నాడు. అందరికీ ఉండరు. అందుకే కాలేజీ నేర్పాలి, మీరూ అడగాలి.

దసరా సెలవుల తర్వాత హాస్టల్‌కు వస్తాను. బాబిన్లు, తీగ తెస్తాను. చుట్టాలనుకున్నవాళ్ళు ముందుగా వార్డెన్ గారికి పేరివ్వండి.

- పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (పవర్ ఎలక్ట్రానిక్స్)