సీడీ32కు కీబోర్డు పెట్టడం అపచారం కాదు

పాత గేమ్ మెషీన్‌ను కంప్యూటర్‌గా మార్చేవాళ్లను చూస్తే కొందరు సేకరణకర్తలకు ప్రాణం విలవిల్లాడుతుంది. కమోడోర్ కంపెనీ 1993లో తెచ్చిన అమీగా సీడీ32 విషయంలో ఆ బాధకు అర్థం లేదని నా గట్టి నమ్మకం. మూత తీస్తే లోపల ఉండేది దాదాపు అమీగా 1200 కంప్యూటరే: అదే 14 మెగాహెర్ట్జ్ మోటరోలా 68ఈసీ020 ప్రాసెసర్, అదే ఏజీఏ గ్రాఫిక్స్ చిప్‌లు, అదే 2 మెగాబైట్ల మెమరీ. కీబోర్డుకు సాకెట్ ఇచ్చారు, అదనపు పరికరాల కోసం వెనక కనెక్టర్ పెట్టారు. ఎస్‌ఎక్స్-1 అనే పెట్టె తగిలిస్తే ఫ్లాపీ, హార్డ్ డిస్క్ కూడా పనిచేసేవి. అంటే ఈ మార్పుకు తయారుచేసినవాళ్లే తలుపు తీసి ఉంచారు. 1994లో కంపెనీ దివాలా తీయడంతో ఆ పని సగంలో ఆగింది. ఇప్పుడు ఔత్సాహికులు ర్యామ్ కార్డు, కాంపాక్ట్ ఫ్లాష్ బిగించి దాని మీద అమీగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ నడుపుతుంటే నాకెంతో సంతోషం. ఒక్క దగ్గర మాత్రం పట్టుబడతాను. ముందు పాత కెపాసిటర్లు మార్చాలి. వాటిలోంచి కారే ద్రవం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది; అవి పోయాక ఎంత మంచి కార్డు కొన్నా లాభం లేదు. డబ్బాను కోయడం మాత్రం నేను ఒప్పుకోను, వెనక కనెక్టర్ ఉండగా ఆ అవసరమే రాదు.