సంతకాలకేనా సంప్రదింపులు?

శాఖ మారితే ఏమవుతుంది, జీతం అదేగా అన్నారు ఓ యూనియన్ నాయకుడు నాతో. జీతం ఒక్కటే ఉద్యోగమనుకునేవాళ్లే అలా అనగలరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభించి, వాటిలో గ్రేడ్-3 ఏఎన్‌ఎంలను నియమించారు. టీకాలు, గర్భిణుల లెక్కలు ఆరోగ్యశాఖవి. హాజరు మాత్రం సచివాలయంలో. ఇద్దరు యజమానుల మధ్య నలిగేది ఒకే మనిషి. ఇలాంటి చోట శాఖ మారుస్తామంటే ఆమెకొచ్చే సందేహాలు చిన్నవా? సీనియారిటీ ఎప్పటినుంచి లెక్కేస్తారు? ప్రసూతి సెలవు మంజూరు చేసేదెవరు? అధికారి వేధిస్తే 2013 చట్టం కింద ఏ కార్యాలయం కమిటీకి ఫిర్యాదివ్వాలి?

ఈ ప్రశ్నలు చర్చల్లో ఎవరు లేవనెత్తుతారు? పిలుపు గుర్తింపు పొందిన సంఘాలకే. వాటి ముందు వరుసలో ఎక్కువగా మగవాళ్లే. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ స్త్రీలకు గుమ్మం దాకా కూడా పిలుపుండదు. సంఘం మాట్లాడితే అందరూ మాట్లాడినట్టేనట! ప్రభుత్వోద్యోగుల బేరసారాల హక్కుల గురించి 1978లో వచ్చిన ఐఎల్‌ఓ 151వ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించనేలేదు. కాబట్టి ప్రభుత్వం పిలవకపోతే అడిగే దిక్కు లేదు. సరే, సంఘాలు మమ్మల్ని పిలవకపోవడానికి అడ్డమేమిటి?

ఉత్తర్వు ముసాయిదా ముందే తెలుగులో మా చేతికివ్వండి. బదిలీ అయ్యే స్త్రీలను, కాంట్రాక్టు వాళ్లతో సహా, చర్చల్లో కూర్చోబెట్టండి. అడిగినవాటికి రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.